మూడో అంతస్తు తలుపు

డిజైన్ ఆఫీసు, కిటికీ పక్క బల్ల
జూన్ 4

వదినా,

ఈ గొట్టంలో రెండో అంతస్తు డ్రాయింగులు ఆరు ఉన్నాయి. ఏడో కాగితం డ్రాయింగు కాదు, నా గోడు. పొరపాటున మేస్త్రి చేతికి ఇచ్చేవు, జాగ్రత్త.

మీ షెడ్డులో సిగ్నల్ అందదు. ఉన్న ఒక్క ఫోనూ ఆసుపత్రి వాళ్ళ మనిషి బల్ల మీద ఉంటుంది. ఆయన చెవిలో పడాల్సిన మాటలు కావు ఇవి. అందుకే వారానికి రెండుసార్లు మెటీరియల్ వ్యానులో అటూ ఇటూ తిరిగే ఈ గొట్టాన్నే నమ్ముకున్నాను.

నేను అబద్ధం ఆడాను వదినా. ఉద్యోగానికి వచ్చినప్పుడు చీఫ్ గారు, "బిల్డింగ్ సాఫ్ట్‌వేర్ అడ్వాన్స్‌డ్ వచ్చా?" అని అడిగారు. "వచ్చండీ" అన్నాను. నోరు దానంతట అదే అనేసింది. నాకు వచ్చింది గోడలు లేపడం, కిటికీలు పెట్టడం, ప్రింటు తీయడం. అంతే. తొమ్మిదేళ్ళు ఇంట్లో ఉండి, పిల్ల కాలేజీలో చేరాక బయటికి వచ్చినదాన్ని. రాదు అంటే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని తెలుసు.

ఇప్పుడు ఆ అబద్ధానికి ముహూర్తం వచ్చింది. నువ్వు సైట్ ఇంజనీరుగా కట్టిస్తున్న కంటి ఆసుపత్రి మెట్ల పని నాకు ఇచ్చారు. మామూలు మెట్లయితే సాఫ్ట్‌వేరే గీసిపెడుతుంది. ఇవి లిఫ్ట్ చుట్టూ వంపు తిరిగి ఎక్కే మెట్లు. వీటికి సొంతంగా ఒక భాగం తయారు చేయాలి. అంతస్తు ఎత్తు అంకె ఒకటి మారిస్తే మెట్లన్నీ తమంతట తామే సమానంగా సర్దుకోవాలి. కళ్ళకి కట్లు కట్టుకున్నవాళ్ళు దిగే మెట్లు కాబట్టి ఒక్క మెట్టు కూడా పొట్టీ పొడుగూ కాకూడదని చీఫ్ గారు రెండుసార్లు చెప్పారు. గడువు ఆగస్టు చివర. నన్ను ఉద్యోగంలో ఉంచాలో వద్దో తేల్చేదీ అప్పుడే.

నేర్చుకుందామని పడని పాట్లు లేవు. ఒకాయన వీడియోలు పెట్టాడు. "చాలా సులువు" అంటూ మొదలుపెట్టి, నేను కళ్ళజోడు తగిలించుకునేలోపు ఎనిమిది చోట్ల నొక్కేస్తాడు. లైబ్రరీలో లావుపాటి పుస్తకం దొరికింది. అది ఆరేళ్ళ కిందటిది, అందులో చెప్పిన బటన్లు ఇప్పుడు ఎక్కడికి కాపురం మార్చాయో తెలియదు. అడ్వాన్స్‌డ్ కోర్సు అని ఒకదానిలో చేరితే నాలుగు రోజులు గోడ ఎలా గీయాలో చెప్పారు. ఆఫీసులో ఎవర్నైనా అడుగుదామంటే, అడగడమే ఒప్పుకోవడం అయిపోతుంది.

అన్నయ్యకి చెప్పకు. నాకు ఉద్యోగం వచ్చిందని వీధి వీధంతా చెప్పుకున్నాడు పాపం.

నీ ఆడపడుచు

సైట్ షెడ్డు, ఆసుపత్రి వెనక
జూన్ 9

గీతలమ్మకి,

ఉత్తరం మేస్త్రి చేతిలోనే పడింది. కంగారు పడకు, ఆయన కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. అబద్ధం ఆడటం వచ్చినదానివి, ఆడే ముందు కాస్త చిన్నది చూసుకుని ఆడొచ్చుగా! మెట్లు రావు అంటే అదొక దారి. అన్నీ వచ్చు అన్నావు చూడు, అక్కడ నీ అన్నయ్య చెల్లెలివి అనిపించుకున్నావు. ఆయనా అంతే. పెళ్ళికి ముందు తనకి కారు నడపడం వచ్చు అన్నాడు. పెళ్ళయ్యాక గేటు విరిగింది.

తిట్టడం అయింది. ఇప్పుడు విను. నాకు నీ సాఫ్ట్‌వేర్ తెలియదు. నేను చూసేది నువ్వు పంపే కాగితాన్నే. కానీ నేర్చుకోవడం అంటే ఏమిటో కొంచెం తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నాకు కట్టే పని ఇవ్వలేదు, పాత ఇళ్ళు పడగొట్టే పని ఇచ్చారు. అవమానం అనుకుని ఏడ్చాను. గోడ విప్పుతుంటే లోపల కడ్డీ ఎక్కడ వంచారో, ఎక్కడ మోసం చేశారో, ఎక్కడ మనసు పెట్టి పని చేశారో అన్నీ కనిపించేవి. ఏ క్లాసులోనూ అంత నేర్చుకోలేదు. నీ సాఫ్ట్‌వేర్లో కూడా ఎవరో ఒకరు చేసిపెట్టిన మెట్లు ఉండవా? వాటిని తెచ్చుకుని విప్పి చూడు. పాఠం చెప్పేవాళ్ళని వెతకడం మాను.

ఇంకో మాట. అన్నీ నేర్చుకుందామని కూర్చోకు. నీకు కావలసింది ఈ ఒక్క మెట్ల దారి. నీ చెయ్యి ఎక్కడ ఆగిపోతోందో ఆ ఒక్క చోటు గురించే అడుగు.

అన్నయ్యకి చెప్పను. నెలకోసారి ఇంటికి వెళ్ళే మనిషిని, ఆయన మాట్లాడటం ఆపేలోపు నా సెలవు అయిపోతుంది.

వదిన

డిజైన్ ఆఫీసు
జూలై 2

వదినా, వదినా, వదినా!

దొరికింది. ఈ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళంతా ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కునే వెబ్‌సైటు ఒకటి ఉంది. మొదట నా ప్రశ్నకి ఒకాయన, "దీనికి నేను తొమ్మిదేళ్ళ కిందటే జవాబు చెప్పాను, వెతుక్కోండి" అని విసుక్కున్నాడు. రోషం వచ్చింది. కానీ వెతికాను. నిజంగానే చెప్పాడు! జవాబుతో పాటు తను చేసిన మెట్లు, తలుపులు, కమ్మీలు నలభై దాకా పెట్టాడు. "దించుకోండి, విప్పండి, పాడుచేయండి" అని రాశాడు. రిటైరైన మెట్ల డిజైనర్ అట. ఆయనకి నా తరఫున ఒక దండం.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. రోజూ భోజనాల టైములో, అందరూ కిందికి వెళ్ళాక, ఒక్కొక్కటీ విప్పుతున్నాను. ముందు తలుపుతో మొదలుపెట్టాను. తలుపు అంటే నాలుగు గీతలు అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. లోపల చూస్తే ప్రతి కొలతా ఇంకో కొలత చెయ్యి పట్టుకుని ఉంది. వెడల్పు పెంచితే చట్రం జరుగుతుంది, చట్రం జరిగితే పిడి జరుగుతుంది. అది చూసి నేను సొంతంగా ఒక తలుపు చేశాను. నిన్న దాన్ని మన ఆసుపత్రి ఫైల్లోనే, ఎవరికీ అడ్డం లేకుండా ఒక మూల గోడకి పెట్టి, వెడల్పు అంకె మార్చి చూశాను. మొత్తం కదిలింది వదినా! చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. తిని పైకి వచ్చిన పైపుల ఇంజనీరు "ఏమైందండీ?" అన్నాడు. "దోమ" అన్నాను.

ఈ వారం నుంచి మెట్లు. భయం పూర్తిగా పోలేదు. కానీ రాత్రి నిద్ర పడుతోంది.

ఈ గొట్టంలో మూడో అంతస్తు డ్రాయింగులు. చీఫ్ గారు ఊళ్ళో లేరు, ఈ పూటే పంపేయమన్నారు. నేనే ప్రింటు తీశాను.

నీ ఆడపడుచు

సైట్ షెడ్డు
జూలై 10

గీతలమ్మకి,

ఈసారి వేళాకోళాలు లేవు. ప్రశ్న ఒక్కటే. మూడో అంతస్తు, పడమటి గోడ, మూలన ఒక తలుపు ఉంది. దాని బయట ఏముంది?

నేను చూస్తే ఏమీ లేదు. బాల్కనీ లేదు, మెట్లు లేవు. ముప్పై అడుగుల కింద జనరేటర్ ఉంది. కంటికి కట్టు కట్టుకున్న మనిషి ఆ తలుపు తీస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు కట్టాలి, అనుమానం వస్తే సందేహాల ఫారం నింపి పంపాలి. అదీ పద్ధతి. ఆ ఫారం నేరుగా మీ చీఫ్ గారి బల్ల మీద పడుతుంది, డ్రాయింగు తీసినవాళ్ళ పేరుతో సహా. కింద నీ పేరు చూశాను. నువ్వు రాసిన "మూల గోడ" గుర్తొచ్చింది. ఫారం నింపలేదు.

జవాబు తొందరగా పంపు.

వదిన

డిజైన్ ఆఫీసు
జూలై 15

వదినా,

బయట ఏమీ లేదు. అది నా తలుపే.

నీ కాగితం చదవగానే ఫైల్ తెరిచి చూశాను. ఈ ఆఫీసులో అందరం ఒకే ఫైల్లో పని చేస్తాం. ఎవరి బల్ల దగ్గర వాళ్ళ నకలు ఉంటుంది, సేవ్ చేస్తే అది అసలు దాంట్లో కలిసిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ రోజు సంతోషంలో సేవ్ నొక్కేసి లేచాను. మూడో అంతస్తు ప్రింటు తీస్తూ కూడా చూడలేదు. అడుగు భాగంలో నా పేరు సరిగ్గా వచ్చిందా లేదా అని మాత్రం చూసుకున్నాను. సిగ్గుగా ఉంది.

తలుపు తీసేసి, కొత్త ప్రింటు నీకు పంపేసి, నోరు మూసుకుని కూర్చుందాం అనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఒక పూటంతా అలాగే అనుకున్నాను. తర్వాత నీ కాగితం మళ్ళీ చదివాను. ఫారం నింపలేదని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నింపకపోతే ఆ గోడ కట్టాలి కదా! మరి కట్టకుండా ఎలా ఆపావు? ఎవరితో ఏం చెప్పావు? ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్క మాట పడని మనిషివి, నా గురించి అక్కడ ఏదో ఒకటి దాస్తున్నావని అర్థమైంది. నా కుర్చీ పోతే పోయింది. నీ పేరు పోతే నేను అన్నయ్య మొహం చూడలేను, నీ మొహం అసలే చూడలేను.

మర్నాడు పొద్దున్నే చీఫ్ గారి గదికి వెళ్ళాను. "కూర్చోండి" అన్నారు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. తలుపు నాదని, సైట్ వరకూ వెళ్ళిందని, నాకు అడ్వాన్స్‌డ్ రాదని, వచ్చని అబద్ధం చెప్పానని, ఇప్పుడు నేర్చుకుంటున్నానని, మా వదిన ఫారం నింపకపోవడానికి కారణం నేనేనని. అన్నీ ఒక్క ఊపిరిలో.

ఆయన స్క్రీన్ మీద ఆ గోడ తెరిచి చూశారు. తర్వాత, "మిగతావాళ్ళు పని చేసే ఫైల్లో ఎందుకు ప్రాక్టీసు చేశారు?" అన్నారు.

"ఇంకో ఫైల్ లేదండీ" అన్నాను.

"లేదా?"

"లేదండీ. నేర్చుకోవడానికంటూ ఆఫీసులో ఏమీ లేదు."

లేచి బయటికి వచ్చారు. నేను వెనకాలే వెళ్ళాను, అందరి ముందూ వెళ్ళిపొమ్మంటారు కాబోలని. హాల్లో నిలబడి, "ఈ మెట్ల లాంటి భాగాలు సొంతంగా చేయడం ఎవరెవరికి వచ్చు?" అని అడిగారు. తొమ్మిది మందీ తలలు దించుకుని స్క్రీన్లు చూస్తున్నారు. "ఎవరి ఉద్యోగమూ పోదు. నిజం చెప్పండి" అన్నారు మళ్ళీ.

పైపుల ఇంజనీరు ముందు నోరు విప్పాడు. "నాకు రాదు సార్. పాత ప్రాజెక్టులోవి తెచ్చి అతికిస్తున్నాను." పైకప్పుల డ్రాయింగులు తీసే పెద్దావిడ, "నాకు సగం వచ్చు. లెక్కల దగ్గర ఆగిపోతాను" అంది. ఆవిడ అంటే మాకందరికీ హడల్! ఇంకొకాయన లెక్కలు వచ్చు, వంపులు రావు అన్నాడు. ఇలా ఒక్కొక్కరూ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు వదినా. మూడు నెలలుగా ఒకే హాల్లో, ఒకరికి తెలియకుండా ఒకరం, ఒకే వీడియో చూసి తిట్టుకుంటున్నాం. ఎనిమిది చోట్ల నొక్కే ఆయన అందరికీ తెలుసు!

చీఫ్ గారు ఆ సాయంత్రమే ఆసుపత్రి ఫైల్‌కి ఒక నకలు తీయించారు. దేనితోనూ కలవదు, ప్రింటు కూడా రాదు. ఇష్టం వచ్చినట్టు పాడుచేసుకోవచ్చు. బుధవారం మధ్యాహ్నాలు పని ఆపి అందరం దాని ముందు కూర్చోవాలి, ఎవరికి వచ్చిన ముక్క వాళ్ళు చెప్పాలి. మొదటి బుధవారం తలుపు గురించి నన్నే చెప్పమన్నారు.

నా సంగతి మాత్రం ఏమీ తేల్చలేదు. "మెట్లు చూశాక" అన్నారు. న్యాయమే. అయినా ఒంట్లోంచి ఒక బస్తా దిగినట్టుంది.

తలుపు లేని ప్రింటు ఇందులో ఉంది. పాతది చింపెయ్యి.

నీ ఆడపడుచు

సైట్ షెడ్డు
జూలై 20

ఒసేయ్ పిచ్చిదానా,

చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. సిమెంటు దుమ్ము అని మేస్త్రితో చెప్పాను. ఆయన నమ్మలేదు.

గోడ ఎలా ఆపానని అడిగావు కదా. ఇటుకలు బాగా లేవని చెప్పాను. నిక్షేపంలాంటి ఇటుకలు! ఒకటి చేతిలోకి తీసుకుని, గోటితో గీకి, పెదవి విరిచి, "ఈ లోడు వద్దు, వేరేది వచ్చేదాకా పడమటి గోడ ముట్టుకోకండి" అన్నాను. నలుగురు మనుషులు వారం రోజులు వేరే చోట చిన్నాచితకా పనులు చేశారు. ఇటుకలాయన వచ్చి, "అమ్మా, నా ఇటుకలో లోపం చూపించండి" అని బతిమాలాడు. చూపించడానికి ఏముంది? తల తిప్పుకున్నాను. ఏ తప్పూ చేయనివాడి మీద నింద వేశాను. నువ్వు చీఫ్ గారితో అబద్ధం ఆడావని తిట్టాను చూడు, ఆ తిట్లన్నీ నేను వెనక్కి తీసుకుని దాచుకున్నాను, నాకే పనికొచ్చాయి.

ఫారం మొదటి రోజే తీశాను. నీ పేరు రాయాల్సిన గడి దగ్గర కలం ఆగిపోయింది. అక్కడ ఇంకెవరి పేరు ఉన్నా నిమిషంలో నింపేసేదాన్ని. అదే నా తప్పు. కడుతున్నది ఆసుపత్రి, నేను చూసింది బంధుత్వం.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఆసుపత్రి వాళ్ళ మనిషి ముందే ఫోను ఎత్తి మీ చీఫ్ గారితో మాట్లాడాను. "మా ఆఫీసు అమ్మాయి ముందే చెప్పింది" అన్నారు. "ఆవిడ మా అమ్మాయి సార్" అన్నాను. తర్వాత ఇటుకలాయన దగ్గరికి వెళ్ళి తప్పు నాదని నలుగురి ముందూ చెప్పాను. ఆయన మంచినీళ్ళు ఇచ్చాడు. మేస్త్రి మాత్రం, "ఆ ఇటుకలు బాగున్నాయని నాకు తెలుసమ్మా, మీరేదో ఇబ్బందిలో ఉన్నారని ఊరుకున్నాను" అన్నాడు. కళ్ళజోడు లేకపోయినా ఆయనకి అన్నీ కనిపిస్తాయి.

పడమటి గోడ ఈ ఉదయం పూర్తయింది. తలుపు లేదు. బుద్ధిగా మెట్లు చెయ్యి.

వదిన

డిజైన్ ఆఫీసు
ఆగస్టు 29

వదినా,

మెట్లు ఈ గొట్టంలో వస్తున్నాయి. నాలుగు షీట్లు, ఇరవై రెండు మెట్లు.

లెక్కల దగ్గర ఆగిపోతానన్న పెద్దావిడకి వంపులు కొట్టినపిండి అని బుధవారాల్లో తెలిసింది. నా వంపు ఆవిడ సరిచేసింది, ఆవిడ లెక్క నేను సరిచేశాను. మిగతాది ఆ విసుగు పెద్దాయన ఫైళ్ళు విప్పి నేర్చుకున్నదే. ఆయనకి నేను చేసిన మెట్ల ఫైల్ పంపాను. "నాలుగో లెక్క అనవసరం. మిగతాది బాగుంది" అని రాశాడు. ఆ నాలుగో లెక్క తీసేసి చూస్తే నిజంగానే అనవసరం.

మొన్న నువ్వు సందేహాల ఫారం పంపావు చూడు, స్లాబు మీ వల్ల నాలుగు సెంటీమీటర్లు ఎత్తు పెరిగిందని, తప్పు సైట్‌దేనని, సంతకం పెట్టి మరీ. అది చీఫ్ గారు నా బల్ల మీద పెట్టి, "ఇప్పుడు ఏం చేస్తారు?" అన్నారు. ఆయన పక్కన నిలబడి చూస్తుండగానే ఎత్తు అంకె మార్చాను. ఒక్క క్షణం స్క్రీన్ ఆగింది, నా గుండె కూడా. తర్వాత ఇరవై రెండు మెట్లూ కదిలి సర్దుకున్నాయి. ఆయన మొదటి మెట్టు కొలిచారు, పదకొండోది కొలిచారు, చివరిది కొలిచారు. మూడూ ఒకటే.

"సరే" అన్నారు. అంతే. వెళ్ళిపోయారు. గంట తర్వాత ఆఫీసు కాగితం ఒకటి వచ్చింది, నన్ను ఉద్యోగంలో కొనసాగిస్తున్నట్టు. కింద ఆయన చేత్తో ఒక వాక్యం రాశారు: "అన్నీ వచ్చినవాళ్ళు నాకు అక్కర్లేదు, వచ్చి చెప్పేవాళ్ళు కావాలి."

బాత్రూంలోకి వెళ్ళి బాగా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి పని చేసుకున్నాను. ఎంత తేలికగా ఉందో చెప్పలేను. అన్నయ్యకి ఇప్పుడు చెప్పొచ్చు. మొత్తం చెప్పు, అబద్ధంతో సహా.

నీ ఆడపడుచు

సైట్ షెడ్డు
అక్టోబర్ 17

గీతలమ్మకి,

అన్నయ్యకి మొత్తం చెప్పాను. అబద్ధం సంగతి విననట్టు నటించి, మెట్ల సంగతి వీధి వీధంతా చెప్పాడు. ఆయన మారడు.

నిన్న మెట్ల కింద చెక్కలు విప్పాం. కాంక్రీటు ఇంకా చల్లగా ఉంది. చేత్తో పట్టుకునే కమ్మీ ఇంకా రాలేదు, ఒకవైపు తాడు కట్టాం. ముందు మేస్త్రి టేపుతో అన్నీ కొలిచి, "సమానమేనమ్మా" అన్నాడు. నాకు టేపు చాలలేదు. నేను మెట్ల మొదట్లో నిలబడి కొంగుతో కళ్ళు కట్టుకున్నాను. మేస్త్రి, "వద్దమ్మా, పడతారు" అంటూ వెనకాలే వచ్చాడు. చెయ్యి పట్టుకోవద్దన్నాను.

మొదటి మూడు మెట్లూ భయంగా ఎక్కాను, కాలితో తడుముకుంటూ. నాలుగో మెట్టుకి నా కాలికి ఎత్తు తెలిసిపోయింది. వంపు తిరిగిన సంగతి కూడా కాలికే తెలిసింది. ఏడో మెట్టు తర్వాత తడుముకోవడం మానేశాను. లెక్కపెట్టడం కూడా మర్చిపోయాను. ఇంకో మెట్టు ఉంటుందని కాలు ఎత్తితే లేదు. పైకి వచ్చేశాను.

కట్టు విప్పకుండా కాసేపు అలాగే నిలబడ్డాను. నీ మీద నాకు చాలా గర్వంగా ఉంది.

వదిన